మ్యాప్‌లో కూతురి మొహం

ఆబిడ్స్ చిరాగ్ అలీ లేన్‌లో సూట్‌కేసులు అమ్మే దుకాణం పక్కనుంచి ఇరుకు మెట్లు పైకి పోతాయి. పైన ఒకటే గది. ఆ గదిలో ఎటు చూసినా తెలుపే. హ్యాంగర్లకు వేలాడే సాటిన్ గౌన్లు, బల్ల మీద మడత పెట్టిన నెట్టు, సీసాల్లో ముత్యాలు, గోడకు చుట్టలు చుట్టలుగా లేసు. క్రైస్తవుల ఇళ్లలో పెళ్లి కుదిరిందంటే సికింద్రాబాద్ నుంచీ మెదక్ నుంచీ కూడా ఆ మెట్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లున్నారు. పెళ్లికూతురికి గౌను కావాలన్నా, తెల్లచీర అంచుకు పూసలు కావాలన్నా, తల మీంచి వీపు మీదుగా నేల దాకా జారే వెయిల్ కావాలన్నా ఆగ్నెస్ కుట్టాల్సిందే.

ఆగ్నెస్ పుట్టింది మెదక్‌లో. పెళ్లయి నాంపల్లి వచ్చింది. ఇప్పుడు యాభై దాటింది. సన్నటి మనిషి, మాట నెమ్మది, పని దగ్గర మాత్రం మహా పట్టుదల. గదిలోకి రాగానే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేది. పూసల పని చేసే సౌభాగ్యను కూడా చేతులు కడుక్కోందే బట్ట ముట్టుకోనిచ్చేది కాదు. సౌభాగ్యది గౌలిగూడలో ఉండే పాత హైదరాబాదీ కుటుంబం. నోరు కాస్త పెద్దది, మనసు మంచిది. ఏళ్ల తరబడి ఇద్దరూ ఆ గదిలో ఎదురెదురుగా కూర్చుని కుడుతూనే ఉన్నారు.

అప్పట్లో ఆగ్నెస్ దగ్గర బటన్ల ఫోన్ ఉండేది. చేతిలో సూది ఉన్నప్పుడు అది మోగిందంటే ఉలిక్కిపడి వేలికి గుచ్చుకునేది. తెల్ల సాటిన్ మీద రక్తపు చుక్క పడితే ఎంత ఉతికినా దాని నీడ మిగులుతుంది. అందుకని పనిలో కూర్చునే ముందు ఫోన్‌ను బిస్కెట్ల డబ్బాలో దారపు ఉండల కింద పెట్టి మూత వేసేది. అన్నం తినేటప్పుడు తీసి చూసుకునేది. ఒక్కోరోజు అదీ మరిచిపోయేది.

అట్లా మరిచిపోయిన ఒకరోజే ఆమె భర్త జయరాజ్ అఫ్జల్‌గంజ్ బస్‌స్టాపులో కూలబడిపోయాడు. ఫ్యాన్లు, మోటార్లు బాగు చేసే పని అతనిది. సామాను కొనడానికి వెళ్లి బస్సు కోసం నిలబడ్డాడు, గుండె ఆగింది. చుట్టుపక్కలవాళ్లు దవాఖానకు చేర్చారు. అతని ఫోన్‌లోంచి ఎవరో ఆగ్నెస్‌కు చేస్తూనే ఉన్నారు. మూత కింద అది ఎంతసేపు మోగిందో తెలియదు. చివరికి చర్చి పెద్ద ఒకాయన నంబరు దొరికి, ఆయన ఆ మెట్లెక్కి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఆగ్నెస్ అప్పుడే ఒక గౌను చేతి అంచుకు ముత్యాలు కుట్టడం ముగించి, ఎంత బాగా కుదిరిందో చూడమని సౌభాగ్యకు చూపిస్తోంది. ఆ మధ్యాహ్నమంతా ఆమె పాట పాడుకుంటూనే కుట్టింది.

మనిషి పోయిన దుఃఖం సరే, దాన్ని అందరూ చూశారు, అందరూ ఓదార్చారు. ఆగ్నెస్‌ను లోపల కొరికింది మాత్రం వేరు. జయరాజ్ లేని లోకంలో తను సగం పూట హాయిగా పాడుకుంటూ కూర్చుంది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఇంట్లో ఇక మిగిలింది ఇద్దరే. రెడ్‌హిల్స్‌లో కిరాయికుండే రెండు గదుల ఇంట్లో ఆగ్నెస్, కూతురు సోఫియా. సోఫియా డిగ్రీ అయిపోగానే అమీర్‌పేటలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో చేరింది. పరీక్షల రిపోర్టుల కోసం ఫోన్ చేసేవాళ్లకు జవాబు చెప్పే పని. పొద్దున హెడ్‌సెట్ తగిలించుకుంటే మళ్లీ సాయంత్రమే తీయడం.

కూతురు మెట్రో ఎక్కినప్పటి నుంచి ఆగ్నెస్‌కు కుదురుండేది కాదు. బటన్ల ఫోన్ డబ్బాలోంచి బయటికొచ్చి ఒళ్లో చేరింది. చేరినవా బిడ్డా, తిన్నవా బిడ్డా, బయల్దేరినవా బిడ్డా అని రోజంతా కాల్స్. పని వేళలో సొంత ఫోన్లేమిటని సోఫియాను సూపర్‌వైజర్ అందరి ముందూ అడిగింది. ఆ నెల జీతం రాగానే సోఫియా తల్లికి స్మార్ట్‌ఫోన్ తెచ్చింది.

"నాకెందుకే ఇది? పగులుతది," అంది ఆగ్నెస్, డబ్బా మూత కూడా తీయకుండా.

"పగలకుంట గట్టి కవర్ ఏపించిన. మంది అందరూ వాడుతలేరా మమ్మీ? నేర్చుకో."

నేర్చుకోవడం అంత సులువుగా జరగలేదు. ఏళ్ల తరబడి సూదిని నెట్టి నెట్టి ఆమె చూపుడువేలి కొస రాయిలా గట్టిపడింది. ఎంత తాకినా ఫోన్ పలకదు. ఒకటి నొక్కబోతే ఇంకొకటి తెరుచుకునేది. సౌభాగ్య నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. చివరికి ఉంగరపు వేలు పనికొచ్చింది. ఆ వేలితోనే వాట్సాప్ తెరవడం, ఫోటో పంపడం, గొంతు రికార్డు చేసి పంపడం అన్నీ వచ్చాయి.

వచ్చాక సంతోషంగానే ఉండింది. జహీరాబాద్‌లో ఉన్న చెల్లెలు వీడియోలో మనవణ్ని చూపించింది. కరీంనగర్ నుంచి ఒక పెళ్లికూతురు ఫోన్‌లోనే కొలతలు చెప్పి గౌను కుట్టించుకుంది. చర్చి ఆడవాళ్ల గ్రూపులో పొద్దున్నే వాక్యాలు, ప్రార్థన విన్నపాలు, ఎవరో ఒకరి పుట్టినరోజు. అయితే అవన్నీ ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేవి. అన్నం కలుపుకుంటుంటే ఎవరో గౌను బొమ్మ పంపి "ఆంటీ, ఇట్లాంటిదే" అంటారు. ప్రార్థనలో కళ్లు మూసుకుంటే ఒళ్లో గుర్రుమంటుంది. నిద్రలేచిన మనిషి మొహం కడుక్కోకముందే ఎవరు పోయారో, ఎవరు ఆస్పత్రిలో ఉన్నారో తెలిసిపోతుంది. ఆగ్నెస్‌కు ఒక్క ఫోన్ వచ్చింది గాని నూరు ఇళ్ల చింత వెంట వచ్చింది.

అయినా సోఫియాకు కాల్స్ ఆగలేదు. అప్పుడు సోఫియా ఒక ఉపాయం చేసింది. తల్లి ఫోన్ తీసుకుని ఏవేవో నొక్కి, మ్యాప్ తెరిచి చూపించింది. రోడ్ల మధ్య ఒక చిన్న గుండ్రంలో సోఫియా మొహం నవ్వుతూ ఉంది.

"నేను ఏడుంటే నా మొహం గాడ కనపడతది. ఇగ ఫోన్ చేయకు. ఫికర్ అయినప్పుడు ఇది చూడు, సరేనా?"

"రైల్ల పోతుంటే గూడ కనపడతదా?"

"ఔ, నాతోపాటే నడుస్తది."

మర్నాడు పొద్దున ఆగ్నెస్ మిషన్ ముందు కూర్చుని చూసింది. కూతురి మొహం నాంపల్లి స్టేషన్ దగ్గర బయల్దేరి అసెంబ్లీ, లకడికాపూల్, ఖైరతాబాద్ మీదుగా జరుగుతూ జరుగుతూ అమీర్‌పేటలో ఆగింది. ఆగ్నెస్ గుండెల మీద చెయ్యి వేసుకుంది. జయరాజ్ పోయాక మొదటిసారి ఆమెకు ఊపిరి నిండుగా ఆడింది. ప్రభువుకు స్తోత్రం చెప్పుకుని పనిలో పడింది. కొన్నాళ్లు బాగానే గడిచాయి.

ఆ తర్వాత చూడటం ఎక్కువైంది. ఆమెకే తెలియకుండా ఎక్కువైంది. నాలుగు ముత్యాలు కుట్టడం, చెయ్యి తుడుచుకోవడం, ఫోన్ తెరవడం. మొహం అమీర్‌పేటలోనే ఉంటుంది. ఉంటుందని తెలుసు. అయినా తెరవాలి. మొహం పక్కన చార్జింగ్ ఎంతుందో కూడా కనిపిస్తుందని కనిపెట్టింది. అది తగ్గుతుంటే ఆగ్నెస్‌కు చెమటలు పట్టేవి. ఒక్కోసారి నెట్ సరిగా లేక మొహం కదలకుండా ఉండిపోయి, చాలాసేపటి కిందటిదని కింద చూపించేది. ఆ కాసేపూ ఆమె లేచి కిటికీ దాకా వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చుని, మళ్లీ లేచేది.

"ఏందక్కా, గంటకోపారి బొమ్మ చూస్తే పిల్ల ఏమన్న పెద్దగైతదా?" అనేది సౌభాగ్య.

"నీ పిల్లలు నీ కండ్ల ముంగట్నే ఉన్నరు. నీకేం ఎరుక?"

"నా కండ్ల ముంగట్నే ఉన్నా వాళ్లేం చేస్తరో నాకెరుక లేదు. నేను నిద్రపోతలేనా?"

ఆగ్నెస్ మళ్లీ ఫోన్ తెరిచేది. సోఫియా రైలెక్కాక మెసేజ్‌లు మొదలయ్యేవి. ఖైరతాబాద్‌లో ఎందుకు ఆగింది? చార్జింగ్ ఎందుకు పెట్టుకోలేదు? మధ్యాహ్నం రోడ్డు దాటి అవతలికి ఎందుకు పోయినవ్? సోఫియా మొదట్లో ఓపికగా జవాబులు పెట్టేది. తర్వాత ఒక్క బొటనవేలి గుర్తు పెట్టేది.

ఇవాంజెలిన్ అనే అమ్మాయి పెళ్లి దగ్గరపడింది. ఆమెది పెద్ద పని. వెనక గజాల కొద్దీ పరుచుకునే వెయిల్, దాని అంచంతా పూసల పువ్వులు. సౌభాగ్య కళ్లు నొప్పులు పుట్టేలా కుట్టింది. చివరి రోజు ఆగ్నెస్ దాన్ని బల్ల మీద పరిచి, పల్చటి బట్ట అడ్డం వేసి ఇస్త్రీ చేస్తోంది. సోఫియా బయల్దేరే వేళ. ఒక చేత్తో ఇస్త్రీపెట్టె, ఒక చేత్తో ఫోన్. మొహం కదలడం లేదు. ఫోన్‌ను పక్కకు తిప్పింది, మూసి మళ్లీ తెరిచింది. వాసన తగిలి తల తిప్పేసరికి ఇస్త్రీపెట్టె కింద నెట్టు ముడుచుకుపోయి, అరచేయంత రంధ్రం పడింది.

సౌభాగ్య కేకవేసింది. ఆగ్నెస్ కేకవేయలేదు. పెట్టె తీసి నిలబెట్టి, ఆ రంధ్రం చుట్టూ వేలితో తడిమి, కింద కూర్చుండిపోయింది. ఇన్నేళ్ల పనిలో ఆమె చేతిలో ఒక్క బట్ట కాలలేదు.

ఇవాంజెలిన్ తల్లికి ఫోన్ చేసి జరిగింది దాచకుండా చెప్పింది. ఆమె తిట్టింది, తిట్టదగ్గ మాటలే తిట్టింది. ఇద్దరూ కూర్చుని కాలినంత మేర కోసి, కొత్త నెట్టు అతికి, అతుకు కనపడకుండా లేసు పువ్వులు వేశారు. పెళ్లి ఫోటోల్లో అది ఎవరికీ తెలియలేదు. కాని సౌభాగ్య రెండు రోజులు మాట్లాడలేదు. ఇకమీదట ఇస్త్రీ తనే చేస్తానని మాత్రం అంది. ఆగ్నెస్ సరేనంది. ఫోన్‌ను దూరంగా కిటికీలో పెట్టింది. గంట తిరక్కుండానే లేచి తెచ్చుకుంది.

ఆ రోజుల్లోనే ఆమె ఒకటి గమనించింది. సాయంత్రం సోఫియా మొహం నాంపల్లి స్టేషన్‌లో దిగి ఇంటివైపు రావడం లేదు. రోడ్డు దాటి పబ్లిక్ గార్డెన్‌లోకి పోతోంది. అక్కడ ఒకచోట ఆగి, చాలాసేపు ఉండి, అప్పుడు రెడ్‌హిల్స్ వైపు కదులుతోంది. మొదటి రోజు ఏదో పనుండి పోయిందేమో అనుకుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే, అదే చోట.

ఇంటికొచ్చాక ఆగ్నెస్ అన్నం వడ్డిస్తూ మామూలుగా అడిగింది. "ఇయ్యాల లేటైంది?"

"రైల్ల రష్ మమ్మీ. ఒకటి వదిలిపెట్టి ఇంకోటి ఎక్కిన."

ఆగ్నెస్ చేతిలో గరిటె ఆగింది. కూతురు తన కళ్లలోకి చూస్తూ అబద్ధం ఆడటం ఆమె ఎరగదు. ఇంకేమీ అడగలేదు. ఆ రాత్రీ, తర్వాతి రోజులూ ఒకటే ఆలోచన. ఎవరో పిల్లగాడు. అయితే ఎవరు? మంచివాడైతే ఇంటికి తీసుకురాదా? గార్డెన్‌లో ఎందుకు? చర్చి గ్రూపులో ఎవరో ఆడపిల్లలు మోసపోయిన కథ పెడితే అది తన కూతురి కథలాగే చదివింది. తన గదికి కూతవేటు దూరంలో, తనకు తెలియకుండా, రోజూ.

ఒక గురువారం సాయంత్రం తలనొప్పిగా ఉందని సౌభాగ్యకు చెప్పి మెట్లు దిగింది. ఫోన్ చేతిలోనే ఉంది. నాంపల్లి స్టేషన్ ముందు సంచులు మోసే జనం, ఆటోల అరుపులు, ఒకరినొకరు తోసుకుంటూ బస్సులు. ఆమె ఎవరికి తగిలిందో, ఎవరు తిట్టారో పట్టించుకోలేదు. మ్యాప్‌లో తన నీలిచుక్క కదులుతోంది, సోఫియా మొహం కదలకుండా ఉంది. రెండూ దగ్గరపడుతున్న కొద్దీ ఆమె పరుగు నడకైంది. గేటు దాటి లోపలికి వెళ్లి, పచ్చిక పక్కనుంచి నడిచి, ఒక చెట్టు దగ్గర ఆగిపోయింది.

ఎదురుగా సిమెంటు బెంచీ మీద సోఫియా ఒక్కతే ఉంది. చెప్పులు విప్పి కాళ్లు గడ్డి మీద పెట్టుకుంది. ఒళ్లో బ్యాగు, బ్యాగు మీద కాగితం పొట్లంలో పల్లీలు. ఫోన్ కనపడటం లేదు. కాసేపటికొక పల్లీ ఒలిచి నోట్లో వేసుకుంటోంది. ముందర పిల్లలు బంతి ఆడుతున్నారు, వాళ్లనూ చూడటం లేదు. పక్కన ఎవరూ లేరు, వచ్చేవాళ్ల కోసం ఎదురుచూస్తున్నట్టూ లేదు. ఇంట్లో సోఫియా మొహం ఎప్పుడూ ఏదో ఒకదానికి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉంటుంది. ఇక్కడ అది ఊరికే ఉంది. జయరాజ్ ఉన్నప్పటి పిల్ల మొహం అది.

వెనక్కి పోదామని ఆగ్నెస్ తిరిగింది. సరిగ్గా అప్పుడే చేతిలో ఫోన్ పెద్దగా మోగింది. ఎవరో పెళ్లికూతురు తల్లి, వీడియో కాల్. ఆపుదామని కంగారులో చూపుడువేలితోనే రుద్దింది. అది ఆగలేదు. సోఫియా తల తిప్పింది.

"మమ్మీ?"

ఆగ్నెస్ మోగుతున్న ఫోన్‌ను వెనక్కి దాచుకుంది. "గిట్లనే... పనుండి వచ్చిన."

"గార్డెన్‌ల నీకేం పని?"

"నువ్వు రైల్ల రష్ అన్నవ్."

సోఫియా జరిగి పక్కన చోటు చేసింది. ఆగ్నెస్ వచ్చి కూర్చుంది. ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది. సోఫియానే అందుకుని ఆపింది.

"ఎవరన్న వస్తరా బిడ్డా ఈడికి? ఉంటే చెప్పు, నేనేమనను."

సోఫియా నవ్వబోయి ఆగింది. "ఎవరూ రారు మమ్మీ. ఎవరూ రారనే వస్తున్న."

"ఇంత దగ్గర్ల నా గది ఉండంగ, గీడ ఒక్కదానివి కూసునుడేంది?"

"పొద్దుగాల్నుంచి నా చెవుల్ల మంది గొంతులే. మా నాయిన రిపోర్ట్ వచ్చిందా, మంచిగనే ఉందా అని అడుగుతరు. నాకు ముందటనే కనపడతుంటది, మంచిగ లేదని. చెప్పొద్దు. డాక్టర్‌ను అడగండి సార్, డాక్టర్‌ను అడగండి మేడం. కొందరు ఫోన్ల ఏడుస్తరు. గది విని రైలెక్కితే నీ మెసేజ్‌లు. ఇంట్ల కాలు పెట్టంగనే మళ్ల నువ్వు. ఒక్క అరగంట ఎవరికీ జవాబు చెప్పకుంట ఉండాలె నాకు. లేకుంటే ఉండలేకపోతున్న."

"మంది అడిగినట్టే అడుగుతున్నానా నేను?"

"మందికైతే నాకు కోపం రాదు మమ్మీ. నీ మీద వస్తది. ఆ కోపం దిగినాంక ఇంటికొస్తున్న."

ఆ మాట ఆగ్నెస్‌కు ఎక్కడో తగిలింది. తగిలిన చోటునుంచే మాట వచ్చింది. "అబద్ధమెందుకాడినవ్? నాకు చెప్పొచ్చు గద."

సోఫియా పల్లీల పొట్టు గుప్పిట్లో పట్టుకుని, "నువ్వు ముత్యాలకు పోతున్న అని చెప్పి అఫ్జల్‌గంజ్ బస్‌స్టాపుల పోయి నిలబడతవు గద, నేను ఎప్పుడన్న అడిగిన్నా?" అంది.

ఆగ్నెస్ కూతురి వైపు తిరిగింది. "నీకెవరు చెప్పిన్రు?"

సోఫియా బ్యాగులోంచి తన ఫోన్ తీసి చూపించింది. మ్యాప్‌లో పబ్లిక్ గార్డెన్, అందులో ఒక చిన్న గుండ్రం, గుండ్రంలో ఆగ్నెస్ మొహం. "నాది నీకు కనపడేటట్టు పెట్టినప్పుడే నీది గూడ నాకు పెట్టిన. నీకెట్లన్న అయితే అని."

"ఇన్ని దినాలూ నన్ను చూస్తున్నవా?" ఆగ్నెస్ గొంతులో కోపం వచ్చింది. తనకు చెప్పకుండా, తన వెనక, తన నడకంతా. ఆ కోపం నోటి దాకా వచ్చాక అది ఎవరి కోపమో ఆమెకే తెలిసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"మొదట్ల చూసిన," అంది సోఫియా. "నీ మొహం బస్‌స్టాపు కాడ ఆగి కదలకుంట ఉంటే చూడబుద్ధి కాలే. అప్పట్నుంచి తెరుస్తలేను."

అప్పుడు ఆగ్నెస్ చెప్పింది. ఇన్నాళ్లుగా ఎవరికీ చెప్పనిది. "ఆ దినం మీ డాడీ గాడ పడిపోయిండు. నేను పాట పాడుకుంట కుట్టిన సోఫీ. అన్నం తిన్న. సౌభాగ్యతోని నవ్విన. ఆయన పోయిండని నా పానానికి ఎరుకే కాలే. గాడ పోయి నిలబడితే, కనీసం ఇప్పుడన్న దగ్గరున్నట్టు ఉంటది. నీకు గూడ ఏమన్న అయితే నాకు మళ్ల తెల్వకుంట పోతదని..."

సోఫియా తల్లి చేతిని పట్టుకుంది. ఆ వేళ్ల గరుకును బొటనవేలితో రాస్తూ, "నాకు గూడ తెల్వదు గద మమ్మీ. ఆ పొద్దు నేను కాలేజ్‌ల క్యాంటీన్‌ల కూసోని సమోసా తింటున్న. నేను తినుడు తప్పా?" అని అడిగింది.

"నీదేం తప్పు బిడ్డా," అంది ఆగ్నెస్ వెంటనే.

సోఫియా ఆ చెయ్యి వదల్లేదు.

గార్డెన్‌లో దీపాలు వెలిగాక లేచారు. గేటు దగ్గర ఆగ్నెస్ తన ఫోన్ కూతురికి ఇచ్చింది. "బంద్ చెయ్యి. రెండూ బంద్ చెయ్యి."

"నీకు ఫికర్ అయితది."

"అయితది," అంది ఆగ్నెస్. "చెయ్యి."

ఆ తర్వాతి రోజులు చెప్పుకోదగ్గంత ప్రశాంతంగా ఏమీ లేవు. ఆగ్నెస్ చెయ్యి తనంతట తాను ఫోన్ మీదికి పోయేది. మ్యాప్ తెరిస్తే రోడ్లు ఉండేవి, స్టేషన్ల పేర్లు ఉండేవి, ఎవరి మొహమూ ఉండేది కాదు. ఉత్త అమీర్‌పేటనే చూస్తూ కూర్చునేది. ఒకసారి కుట్టిన వరస తప్పి మొత్తం విప్పింది. ఒకసారి సౌభాగ్య మీద ఊరికే కసిరింది. బయల్దేరేటప్పుడు ఒక్క మెసేజ్ పెడతానని సోఫియా మాట ఇచ్చింది, పెట్టేది. ఆ మెసేజ్ తర్వాత ఇంటికి చేరే దాకా ఆగ్నెస్ మనసు పట్టాల వెంట, గార్డెన్ వెంట తిరుగుతూనే ఉండేది. కూతురు ఆ బెంచీ మీద కూర్చుందో లేదో అడగాలని నాలుక చివర ఉండేది. అడగలేదు. సోఫియా కూడా చెప్పలేదు. కాని ఇంటికొచ్చాక ఒక్కోరోజు వంటింటి గడప మీద కూర్చుని తనే కబుర్లు మొదలుపెట్టేది. అది కొత్త.

అప్పుడొచ్చింది వినాయకచవితి. ఖైరతాబాద్ గణేశుణ్ని చూడటానికి ఊరంతా ఎగబడింది. ఆ సాయంత్రం "బయల్దేరిన" అని మెసేజ్ వచ్చింది. ఇంటికి చేరే వేళ అయింది, దాటింది. గార్డెన్ అరగంట కలుపుకున్నా దాటింది. ఆగ్నెస్ ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది. మళ్లీ అదే గొంతు. పొయ్యి ఆపింది. గుమ్మం దాకా వచ్చింది, వెనక్కి పోయింది, ప్రార్థన చేద్దామని మోకాళ్లూనింది, మాటలు రాలేదు. లేచి ఇంటికి తాళం వేసి బయటపడింది.

నాంపల్లి మెట్రో మెట్ల దగ్గర నిలబడింది. ఒక్కో రైలు వస్తే జనం వరదలా దిగేవాళ్లు. ఆమె ప్రతి మొహం వెతికింది. గార్డెన్ గేటు దాకా పోయి చూసింది, మూసి ఉంది. మళ్లీ స్టేషన్‌కు వచ్చింది. ఇంకోసారి ఫోన్ చేద్దామని చెయ్యి జాపితే చేతిలో తాళంచెవి తప్ప ఏమీ లేదు. ఫోన్ ఇంట్లోనే, పొయ్యి పక్కన ఉండిపోయింది.  తన కూతురు ఇప్పుడు తనకు చేస్తుంటేనో? ఆమె రెడ్‌హిల్స్ వైపు దాదాపు పరుగెత్తింది.

ఇంటి ముందు మెట్ల మీద సోఫియా కూర్చుని ఉంది. జుట్టంతా రేగిపోయి, మొహం ఏడుపులా ఉంది. తల్లిని చూడగానే లేచి నిలబడింది.

"ఏడికి పోయినవ్ మమ్మీ? తాళమేసి ఉంది, లోపట నీ ఫోన్ మోగుతుంది! పక్కింటోళ్ల ఫోన్ల నుంచి చేస్తనే ఉన్న. నీకేమైందో అని నా పానం పోయింది!"

"నీ ఫోనేమైంది?"

"చార్జింగ్ అయిపోయింది. ఖైరతాబాద్‌ల దిగే జనం నన్ను గూడ బయటికి నెట్టిన్రు, మళ్ల రైలెక్కరాలే. లకడికాపూల్ దాకా నడిచి ఎక్కిన."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు, ఇద్దరికీ ఆయాసమే. సోఫియా ముందుగా నవ్వింది. ఆగ్నెస్‌కు నవ్వు రాలేదు, కళ్లలో నీళ్లు వచ్చాయి. ఆమె తాళం తీసింది.

లోపలికి వచ్చాక సోఫియా ఫోన్ చార్జింగ్‌కు పెట్టి, అక్కడే నిలబడి అడిగింది. "మళ్ల ఆన్ చేద్దామా మమ్మీ? ఈసారి ఎరుకతోటే పెట్టుకుందాం, నీది నాకు, నాది నీకు."

ఆగ్నెస్ పొయ్యి వెలిగించింది. వెంటనే "ఔ" అనాలనే ఉంది ఆమెకు. ఇందాక స్టేషన్ దగ్గర ఆ గుండ్రం కోసం ఆమె ఏమైనా ఇచ్చేది. కూర గిన్నె పొయ్యి మీదికెక్కించి, మూత పెట్టి, తిరిగి చూసింది.

"ఇయ్యాల వద్దు. ఇద్దరం భయపడి ఉన్నం. రేపు చూద్దాం."

మర్నాడు ఆ మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత కూడా ఎత్తలేదు. సౌభాగ్య పోరు పడలేక ఆగ్నెస్ పని వేళల్లో చర్చి గ్రూపు, పెళ్లివాళ్ల గ్రూపులు మోగకుండా పెట్టించుకుంది, సోఫియా నంబరు ఒక్కటి తప్ప. ఆదివారం ఆరాధన వేళ ఫోన్‌నే ఇంట్లో వదిలి వెళ్తుంది. వెళ్లిన ప్రతిసారీ కీర్తన మధ్యలో చెయ్యి ఒళ్లో దానికోసం తడుముకుంటుంది.

ఆ చవితి రాత్రి మాత్రం అన్నం దగ్గర సోఫియా చాలాసేపు మాట్లాడింది. ఖైరతాబాద్ జనంలో ఒక ముసలమ్మ చెప్పు పోగొట్టుకుందట, చుట్టూ ఉన్నవాళ్లంతా వినాయకుణ్ని వదిలేసి ఆ చెప్పు వెతికారట. చివరికి అది ఒక పోలీసాయన కాలి కింద దొరికిందట. ఆగ్నెస్ కూతురి కంచంలో పప్పు వేస్తూ, "అయితే ఆ ముసలామె రైలెక్కిందా?" అని అడిగింది.

"ఏమో మమ్మీ. నేను ముందుకు వచ్చేసిన."

"ఎక్కే ఉంటది," అంది ఆగ్నెస్, తన కంచం ముందుకు లాక్కుంటూ.